మరక పడని ఉక్కు వెనక మనిషి: హ్యారీ బ్రియర్లీ

అరియాంకుప్పంలో ఇనుముకు ఆయుష్షు తక్కువ. పుదుచ్చేరి పట్నానికి దక్షిణాన, కడలూరు వెళ్లే దారిలో, ఏటికీ సముద్రానికీ దగ్గరగా ఉన్న ఊరిది. కిటికీ ఊచలు, గేటు బందులు, సైకిలు చైన్లు, మేడ మీద నీళ్ల ట్యాంకు స్టాండు, దేన్నీ ఉప్పుగాలి వదలదు. పెయింటు ఎక్కడ లేస్తే అక్కడ తుప్పు మొదలవుతుంది. ఇలాంటి తీరపు ఊళ్లలో వాషింగ్ మెషిన్ ఉన్న ఇళ్లవారు ఒక వింత గమనించే ఉంటారు. మెషిన్ అడుగు రేకు కొన్నేళ్లకే ఎర్రబారి పొరలు పొరలుగా ఊడుతుంది. లోపల రోజూ నీళ్లలో, సబ్బులో నానుతూ తిరిగే డ్రమ్ము మాత్రం కొన్ననాటి మెరుపుతోనే ఉంటుంది. తడి ఎక్కువ తగిలేది డ్రమ్ముకే అయినా తుప్పు పట్టేది బయటి రేకుకే.

ఈ ఊళ్లో బట్టకూ నీటికీ ఉన్న సంబంధం ఇవాళ్టిది కాదు. అరియాంకుప్పం ఏటి ఒడ్డునే అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపి, రెండువేల ఏళ్ల నాటి రోమన్ వర్తకపు ఆనవాళ్లను బయటపెట్టారు. మధ్యధరా తీరం నుంచి వచ్చిన కుండపెంకులు, పూసలతో పాటు ఇటుకతో కట్టిన తొట్లు కూడా దొరికాయి. అవి మస్లిన్ బట్టలకు రంగు అద్దిన తొట్లని వీలర్ భావించారు. అదే పుదుచ్చేరి ప్రాంతంలో, పట్నానికి పడమరగా విల్లుపురం దారిలో ఉన్న తిరుభువనైలో, ఇప్పుడు వర్ల్‌పూల్ కంపెనీ వాషింగ్ మెషిన్లు తయారుచేస్తోంది. 1980ల చివర్లో టీవీఎస్ సంస్థతో కలిసి ఆ కంపెనీ భారతదేశంలో అడుగుపెట్టినప్పుడు తొలి ఫ్యాక్టరీ పెట్టింది పుదుచ్చేరిలోనే. ఒకప్పటి ఇటుక తొట్టి స్థానంలోకి ఇప్పుడు ఉక్కు తొట్టి వచ్చింది.

ఆ తొట్టిలోని లోహం చరిత్ర వెతుక్కుంటూ వెళితే ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో ఒక పేద కార్మికుడి ఇల్లు కనిపిస్తుంది. ఆ ఇంట పుట్టిన హ్యారీ బ్రియర్లీ స్టెయిన్‌లెస్ స్టీలు కనిపెట్టిన మనిషిగా ప్రపంచానికి తెలుసు. వాషింగ్ మెషిన్ డ్రమ్ముతో ఆయనకు నేరుగా ఏ సంబంధమూ లేదు. అయితే తుపాకుల కోసం చేసిన ఒక ఉక్కును ఇంట్లోకి, నీళ్లలోకి, పులుపులోకి, ఉప్పులోకి తీసుకురావాలని పట్టుబట్టింది మాత్రం ఆయనే. ఆ పట్టుదలకు ఆయన ఉద్యోగమే మూల్యంగా చెల్లించుకోవాల్సి వచ్చింది.

మూస కొలిమి నీడలో

బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18న షెఫీల్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ థామస్ ఫర్త్ అండ్ సన్స్ అనే ఉక్కు కంపెనీలో మూసల్లో ఉక్కు కరిగించే పనివాడు. ఇంటినిండా పిల్లలు, ఇరుకు గదులు, చాలీచాలని కూలి. షెఫీల్డ్ అప్పటికే కత్తులకు, పనిముట్లకు లోకమంతటా పేరున్న ఊరు. 18వ శతాబ్దం మధ్యలో బెంజమిన్ హంట్స్‌మన్ మొదలుపెట్టిన మూస ఉక్కు పద్ధతి మీదే ఆ పేరు నిలబడింది. మట్టి మూసలో ఇనుము పెట్టి, కోక్ బొగ్గు వేడికి పూర్తిగా కరిగించి, పట్టకార్లతో పైకి లాగి అచ్చుల్లో పోయడం ఆ పని. మూసలకు కావలసిన మట్టిని పనివాళ్లు ఉత్త కాళ్లతో గంటల తరబడి తొక్కి మెత్తగా చేసేవారు. ఉక్కు పక్వానికి వచ్చిందో లేదో చెప్పే పరికరమేదీ ఉండేది కాదు. మంట రంగు, కరిగిన లోహం కదలిక చూసి మెల్టరే తేల్చుకోవాలి.

ఈ మూస విద్య తెలుగువారికి పరాయిది కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో కొలిమివాళ్లు శతాబ్దాల పాటు మూసల్లోనే ఉక్కు తీశారు. అది పర్షియా దాకా వెళ్లి కత్తులయింది. యూరపువాళ్లు వుట్జ్ అని పిలిచిన ఆ లోహం పేరుకు మూలం మన ఉక్కు అనే మాటేనని పండితులు ఎక్కువగా చెబుతారు. ఆ భారతీయ ఉక్కు రహస్యం పట్టుకోవాలనే లండన్‌లో మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ కలిసి 1820 ప్రాంతంలో ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశారు. వాటిలో క్రోమియం కూడా ఉంది. వారి పని చదివిన ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ బెర్తియే, క్రోమియం ఎక్కువగా కలిసిన ఇనుము ఆమ్లాలకు తట్టుకుంటుందని 1821లో గమనించారు. కానీ ఆ మిశ్రమాలు పెళుసుగా ఉండేవి, సాగగొడితే పగిలేవి. అందుకే విషయం కాగితాల మీదే ఉండిపోయింది. బ్రియర్లీ పుట్టేనాటికి అర్ధ శతాబ్దంగా ఆ ఆలోచన పనిచేసే చేతి కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది.

సీసాలు కడిగిన కుర్రాడు

పన్నెండేళ్లకే బ్రియర్లీ బడి మానేశారు. చిన్నాచితకా పనుల తర్వాత తండ్రి పనిచేసే ఫర్త్ కంపెనీలో, కొలిమి కింద నేలమాళిగలో చేతిసాయం చేసే కుర్రాడిగా చేరారు. కొద్దికాలానికే అక్కడి రసాయన ప్రయోగశాలలో సీసాలు కడిగే పని దొరికింది. కొలిమి వేడితో, చేతుల సత్తువతో బతికే ఆ ఇంటివాళ్లకు అదేమంత మగపనిలా కనిపించి ఉండదు. ఆయన జీవితం మలుపు తిరిగింది మాత్రం అక్కడే.

ప్రయోగశాల అధిపతి జేమ్స్ టేలర్ ఈ కుర్రాడిలోని చురుకును గుర్తించారు. లెక్కలు నేర్చుకోమని పుస్తకం చేతిలో పెట్టారు, రాత్రి బడికి పంపారు. పగలు సీసాలు కడగడం, సాయంత్రం చదువు, మిగిలిన వేళ వడ్రంగం మొదలుకొని చేతికి అందిన ప్రతి పనీ నేర్చుకోవడం, ఇలా కొన్నేళ్లు గడిచాయి. కాలేజీ పట్టా ఆయనకు ఎన్నడూ లేదు. అయినా ఉక్కును విశ్లేషించడంలో ఆయన చెయ్యి తిరిగింది. 1895లో హెలెన్‌ను పెళ్లిచేసుకున్నారు. 1901లో కైజర్ ఎల్లిసన్ అనే మరో కంపెనీకి మారారు. ఆ మరుసటి ఏడాది ఫ్రెడ్ ఇబట్సన్‌తో కలిసి ఉక్కు కర్మాగారాల్లో వాడే పదార్థాల విశ్లేషణ మీద ఒక పుస్తకం వెలువరించారు. సీసాలు కడిగినవాడు పాఠ్యపుస్తకం రాసే స్థాయికి వచ్చారు.

తర్వాత ఫర్త్ కంపెనీయే ఆయన్ను మళ్లీ పిలిచి, అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉన్న రీగా నగరంలోని తన కర్మాగారానికి పంపింది. అక్కడ సౌకర్యాలు తక్కువ, పనివాళ్లు కొత్త. 1905 విప్లవపు అలజడి కూడా ఆ రోజుల్లోనే. కొలిచే సాధనాలు లేనిచోట కంటితో, అనుభవంతో ఉక్కును కాల్చి గట్టిపరచడం ఎలాగో ఆయన అక్కడ బాగా వంటబట్టించుకున్నారు. రసాయన సూత్రం ఒక్కటే ఉక్కు గుణాన్ని చెప్పదనీ, దాన్ని ఎంత వేడికి కాల్చాం, ఎలా చల్లార్చాం అన్నది సగం కథ అనీ ఆయన గట్టి నమ్మకం. 1911లో పనిముట్ల ఉక్కును వేడిచేసి మలిచే విధానంపై ఆయన రాసిన పుస్తకం ఆ అనుభవం నుంచి వచ్చిందే. ఈ నమ్మకమే తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలును చెత్తకుప్పలో పడకుండా కాపాడింది.

తుపాకీ గొట్టంతో మొదలు

ఫర్త్, జాన్ బ్రౌన్ అనే రెండు కంపెనీలు కలిసి షెఫీల్డ్‌లో పెట్టిన బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాలకు 1908లో బ్రియర్లీ అధిపతి అయ్యారు. 1912లో ఒక సమస్య ఆయన ముందుకొచ్చింది. రైఫిలు పేలినప్పుడు వెలువడే మండే వాయువుల ధాటికి గొట్టం లోపలి గోడ అరిగిపోతోంది. గుండు వదులై గురి తప్పుతోంది. ఎక్కువ వేడిని తట్టుకునే ఉక్కు కావాలి. క్రోమియం కలిపితే ఉక్కు కరిగే వేడిమి పెరుగుతుందని భావించి క్రోమియం పాళ్లు మార్చి చూడడం మొదలుపెట్టారు.

1913 ఆగస్టు 13న విద్యుత్ కొలిమిలో పోసిన ఒక దిమ్మెలో క్రోమియం దాదాపు 12.8 శాతం, కార్బన్ 0.24 శాతం ఉన్నాయి. పారేసిన ముక్కల కుప్పలో ఒకటి మాత్రం మెరుస్తూ కనబడిందనీ, అలా స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అసలు జరిగింది అంత నాటకీయంగా లేదు, అంతకంటే ఆసక్తిగా ఉంది. ఉక్కు లోపలి అల్లికను మైక్రోస్కోపులో చూడాలంటే ముందు ముక్కను నునుపు చేసి, ఆల్కహాలులో కలిపిన నత్రికామ్లంతో తడపాలి. ఆమ్లం కొరికిన మేరకు లోపలి రేణువులు బయటపడతాయి. ఈ కొత్త ఉక్కును ఆమ్లం సరిగ్గా కొరకలేదు. మామూలుగా ఇదొక చిరాకు. పరీక్ష కుదరలేదని ఘాటైన ఆమ్లం తెచ్చుకుని పని కానిచ్చేయవచ్చు. బ్రియర్లీ ఆ చిరాకునే సమాధానంగా చదివారు. ఆమ్లం కొరకని ఉక్కును వెనిగర్, నిమ్మరసం ఏం చేస్తాయో చూశారు. అవీ ఏమీ చేయలేకపోయాయి.

కారణం క్రోమియంలో ఉంది. ఉక్కులో అది సుమారు 10.5 శాతం దాటితే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కంటికి కనబడని క్రోమియం ఆక్సైడు పొర కడుతుంది. దాని మందం మిల్లీమీటరులో పది లక్షల వంతులు కొన్ని మాత్రమే. పెయింటు గీచుకుపోతే పోయినట్టే. ఈ పొర గీచుకుపోతే కింది క్రోమియం మళ్లీ ఆక్సిజన్‌ను పట్టుకుని కొత్త పొర అల్లుకుంటుంది. పెయింటు వేసిన రేకు తుప్పుపట్టి, డ్రమ్ము మెరుస్తూ ఉండడంలోని తేడా ఇదే.

కోయని కత్తులు

తుపాకీ గొట్టాల విషయంలో ఆ ఉక్కు పెద్దగా ఒరగబెట్టిందేమీ లేదు. షెఫీల్డ్‌లో పుట్టిన బ్రియర్లీకి మాత్రం వెంటనే భోజనాల బల్ల మీది కత్తి గుర్తొచ్చింది. అప్పటి కత్తులను వాడిన ప్రతిసారీ కడిగి, తుడిచి, రాపిడి పొడితో తోమాలి. నిమ్మకాయ కోస్తే నల్లబడేవి, తడి తగిలితే తుప్పు పట్టేవి. ధనికుల ఇళ్లలో పులుపు తినడానికి వెండి కత్తులుండేవి. మిగతా ఇళ్లలో తోమే చాకిరీ ఆడవాళ్లది, పనిపిల్లలది. ఈ ఉక్కుతో ఆ చాకిరీ తప్పుతుందని ఆయన కంపెనీకి చెప్పారు. యుద్ధ సామగ్రితో లాభాలు చూసిన యాజమాన్యానికి గరిటెలు, కత్తులు చిల్లర వ్యవహారంగా తోచాయి.

ఆయన పట్టు వదలకపోవడంతో నమూనాలు ఊళ్లోని కత్తుల తయారీదారులకు వెళ్లాయి. తీర్పు ఘోరంగా వచ్చింది. సాగగొట్టడం కష్టం, సానపట్టడం కష్టం, అంచు గట్టిపడదు. కోయని కత్తులు కనిపెట్టిన మనిషి అని ఊళ్లో ఆయన మీద హాస్యం పుట్టింది. లోపం ఉక్కులో లేదు. మామూలు కత్తి ఉక్కును గట్టిపరచడానికి చాలిన వేడి దీనికి చాలదు, బాగా ఎక్కువ వేడికి కాల్చి చల్లార్చాలి. పాత అలవాటు చొప్పున కాల్చినవాళ్లకు మెత్తని కత్తులే దక్కాయి. కాల్చే తీరులోనే సగం కథ ఉందన్న బ్రియర్లీ నమ్మకం ఇక్కడ పనికొచ్చింది.

1914లో ఆయనకు ఆర్.ఎఫ్. మోస్లీ కంపెనీలో కత్తుల విభాగం చూసే ఎర్నెస్ట్ స్టూవర్ట్ పరిచయమయ్యారు. తుప్పు పట్టని ఉక్కు ఉంటుందంటే స్టూవర్ట్ మొదట నమ్మలేదు. వెనిగర్‌లో వేసి చూసుకున్నాక నమ్మారు. పోర్ట్‌లాండ్ వర్క్స్ అనే ఆవరణలో మొదటి రెండు ప్రయత్నాలూ చెడిపోయాయి. మూడోసారి బ్రియర్లీ స్వయంగా పక్కనుండి వేడి ఎంతుండాలో చూపించారు. కత్తులు కుదిరాయి. అప్పటిదాకా బ్రియర్లీ దాన్ని తుప్పు పట్టని ఉక్కు అనే పిలిచేవారు. మరక పడనిది అనే అర్థంలో స్టెయిన్‌లెస్ అన్న పేరు పెట్టింది స్టూవర్ట్. ఒక శాస్త్రవేత్త లోహాన్ని తుప్పుతో కొలిస్తే, కత్తులవాడు మరకతో కొలిచాడు. బజారులో నిలిచింది కత్తులవాడి మాటే.

ఆవిష్కరణ ఎవరిది?

కంపెనీ పట్టించుకోని వస్తువు అమ్ముడుపోతుందని తేలగానే వాటా ఎవరిదన్న తగాదా వచ్చింది. జీతం తీసుకునే ఉద్యోగి తన పనివేళల్లో కనిపెట్టింది కంపెనీ సొత్తేనని యాజమాన్యం అంది. తుపాకీ గొట్టాలు చేయమన్నారు గానీ కత్తులు చేయాలన్న ఆలోచన తనదనీ, దానికోసం వాళ్లను బతిమాలుకున్నది తానేననీ బ్రియర్లీ వాదన. డబ్బు ఎంత ముఖ్యమో, కొలిమి కింద పెరిగిన మనిషికి ఆ గుర్తింపు అంతకంటే ముఖ్యం. ఆయన మాట తేలిగ్గా పడే మనిషీ కాదు, సర్దుకుపోయే మనిషీ కాదు. చివరికి తానే అధిపతిగా పెంచిన పరిశోధనశాలను వదిలి, 1915లో బ్రౌన్ బేలీస్ అనే పోటీ కంపెనీలో వర్క్స్ మేనేజరుగా చేరారు.

ఫర్త్ కంపెనీ బ్రిటన్‌లో పేటెంటు తీసుకోలేదు. జాన్ మ్యాడక్స్ అనే వృద్ధుడు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి, అమెరికాలో పేటెంటు కోసం ప్రయత్నించమని ప్రోత్సహించారు. 1916 సెప్టెంబరులో అది మంజూరైంది. అక్కడ ఎల్వుడ్ హేన్స్ అనే అమెరికన్ కూడా ఇలాంటి మిశ్రమం మీదే పనిచేసి తన హక్కు కోసం పోరాడి 1919లో పేటెంటు పొందారు. చివరికి రెండు పేటెంట్లూ పిట్స్‌బర్గ్‌లోని ఒకే సంస్థ కిందికి చేరాయి. షెఫీల్డ్‌లో కూడా 1917లో రాజీ కుదిరి ఫర్త్ బ్రియర్లీ సిండికేటు ఏర్పడింది. కత్తుల మీద కంపెనీ పేరు పక్కన ఆయన పేరు కూడా చెక్కాలన్న కోరిక అలా నెరవేరింది.

స్టెయిన్‌లెస్ స్టీలు మొత్తం ఒక్క బ్రియర్లీదే అనడం కూడా సరికాదు. జర్మనీలో క్రుప్ కంపెనీలో బెన్నో స్ట్రాస్, ఎడ్వర్డ్ మారర్ క్రోమియంతో పాటు నికెల్ కలిపిన తుప్పుపట్టని ఉక్కుకు 1912లోనే పేటెంటుకు దరఖాస్తు చేశారు. బ్రియర్లీ తర్వాత బ్రౌన్ ఫర్త్ పరిశోధనశాల బాధ్యత తీసుకున్న విలియం హాట్‌ఫీల్డ్ 1924లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే రకాన్ని తీర్చిదిద్దారు. మన వంటింటి గిన్నెల్లో మేలురకంగా చెప్పుకునేది ఆ వంశానిదే. లోహాన్ని చాలామంది చూశారు. దాన్ని ఇంటి వస్తువుగా చూసి, కత్తులవాడి కొలిమి దాకా వెంటబడి వెళ్లినవారు బ్రియర్లీ. ఆయన వాటాగా అది చాలు.

కత్తి నుంచి డ్రమ్ము దాకా

మొదటి ప్రపంచయుద్ధంలో క్రోమియం ఉక్కు విమాన ఇంజన్ల కవాటాలకు వెళ్లిపోవడంతో కత్తుల తయారీ ఆగింది. యుద్ధం ముగిశాక ఆ ఉక్కు మళ్లీ భోజనాల బల్ల మీదికీ, ఆసుపత్రుల్లోకీ, పాలడెయిరీల్లోకీ వచ్చింది. ఇంట్లో బట్టలుతికే యంత్రంలోకి అది చేరడానికి మాత్రం చాలా కాలం పట్టింది. తొలి యంత్రాల తొట్లు చెక్కవి, రాగివి. తర్వాత అల్యూమినియంవి, ఎనామెల్ పూసిన ఇనుపవి వచ్చాయి. ఎనామెల్ నిజానికి గాజు పొర. ప్యాంటు బకిలో, చిల్లరో తగిలి ఒక్కచోట పెచ్చు ఊడితే చాలు, అక్కడ తుప్పు మొదలై తెల్లబట్టల మీద ఎర్రమరకలు పడేవి.

యంత్రం పిండే వేగం పెరిగేకొద్దీ స్టెయిన్‌లెస్ డ్రమ్ము విలువ మరింత తెలిసింది. అర మీటరు వ్యాసమున్న డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరిగితే అంచున ఉన్న బట్ట మీద పడే బలం దాని బరువుకు సుమారు 400 రెట్లు. ఆ ఒత్తిడికి వంగకుండా, వందల రంధ్రాలున్నా చిరగకుండా, తడిలో తుప్పు పట్టకుండా, బట్ట పోగు లేవకుండా ఉండాలి. పలచని రేకుతోనే ఇవన్నీ సాధించగలిగింది స్టెయిన్‌లెస్ స్టీలు. డ్రమ్ములకు ఎక్కువగా వాడేది దాదాపు 17 శాతం క్రోమియం ఉండి, నికెల్ లేని 430 రకం. నికెల్ లేదు కనుక ఖరీదు తక్కువ. కుటుంబ వరసలో చూస్తే నికెల్ గిన్నెల కంటే ఇదే బ్రియర్లీ తొలి ఉక్కుకు దగ్గర బంధువు.

ఇక్కడ మన ఇళ్లలో ఒక అపోహ ఉంది. అయస్కాంతం అంటుకుంటే అది అసలు స్టీలు కాదని అంటారు. నికెల్ ఉన్న గిన్నెలకు అయస్కాంతం అంతగా అంటదు. నికెల్ లేని 430 రకానికి గట్టిగా అంటుతుంది. 1914లో షెఫీల్డ్‌లో చేసిన తొలి కత్తులకూ అంటేది. డ్రమ్ముకు అయస్కాంతం అతుక్కున్నంత మాత్రాన కంపెనీ మోసం చేసిందని అనుకోనక్కర్లేదు.

అలాగని స్టెయిన్‌లెస్ అన్న మాట అన్నిటికీ పూచీ కాదు. ఆ పలచటి పొరకు ప్రధాన శత్రువు క్లోరైడు, అంటే ఉప్పులో ఉండేదే. తీరప్రాంతాల్లో బోరు నీళ్లు ఉప్పెక్కినచోట, బ్లీచింగ్ ద్రావణం ఎక్కువగా పోసి అలాగే వదిలేసినచోట, పొర అక్కడక్కడా తెగి సూదిమొన బెజ్జాల్లా గుంటలు పడతాయి. అరియాంకుప్పానికే కాదు, అదే పుదుచ్చేరి పాలనలో ఉన్న గోదావరి తీరపు యానానికీ, మచిలీపట్నానికీ, భీమిలికీ ఇది వర్తిస్తుంది. జేబులో మరచిపోయిన పిన్నీసు డ్రమ్ములో తడిగా ఉండిపోతే దాని తుప్పు డ్రమ్ము మీద మరకవుతుంది. ఉతికాక మంచినీటితో ఒకసారి తిప్పి, మూత తెరిచి ఆరనివ్వడం చిన్న జాగ్రత్తే. ఆ పొర తిరిగి అల్లుకోవడానికి కావలసింది గాలే కదా.

కొనేటప్పుడు చూడాల్సింది ఇంకొకటుంది. డ్రమ్ము స్టెయిన్‌లెస్ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ముందువైపు మూత ఉండే చాలా మెషిన్లలో ఆ డ్రమ్మును వెనక నుంచి మోసే మూడు చేతుల చట్రం మాత్రం పోత అల్యూమినియంది. ఏళ్ల తరబడి సబ్బు మడ్డి పేరుకుని, క్షారం తిని, అదే ముందు విరుగుతుంది. డ్రమ్ము నిక్షేపంగా ఉన్నా యంత్రం మూలకు చేరుతుంది. యంత్రం ఆయుష్షును తేల్చేది అందులోని అతి బలహీనమైన లోహం. లోహాన్ని దాని పేరును బట్టి కాక, ఏ పనిలో ఎంతకాలం నిలుస్తుందన్న దాన్ని బట్టి చూడాలన్న బ్రియర్లీ పద్ధతి కొనుగోలుదారుకూ పనికొస్తుంది.

చివరి ఏళ్లు

1920లో ఇనుము ఉక్కు సంస్థ ఆయనకు బెస్సెమర్ స్వర్ణపతకం ఇచ్చింది. బ్రౌన్ బేలీస్‌లో తర్వాత డైరెక్టరు కూడా అయ్యారు. పేరు, సొమ్ము వచ్చాక కూడా ఆయన రాతల్లో ఎక్కువ గౌరవం దక్కింది మూస కొలిమి పనివాళ్లకే. పరికరాలు వచ్చాక చేతి నేర్పును చిన్నచూపు చూడడం ఆయనకు నచ్చేది కాదు. ఉక్కు తయారీదారుల గురించి 1933లో ఒక పుస్తకం, 1941లో ఆత్మకథ రాశారు. 1939లో షెఫీల్డ్ నగరం ఆయన్ను గౌరవ పౌరుణ్ని చేసింది. 1941లో ఆయన ఫ్రెష్‌గేట్ ట్రస్టు అనే ధర్మసంస్థను స్థాపించారు. తమంత తాముగా చదువు, ప్రయాణం, కళల దాకా వెళ్లలేని మామూలు మనుషులకు ఊతమివ్వడం దాని ఉద్దేశం. టేలర్ చేతి నుంచి తాను అందుకున్న లెక్కల పుస్తకం బాకీని ఆయన అలా తీర్చుకున్నట్టుంది. 1948 జులై 14న ఇంగ్లండు దక్షిణ తీరంలోని టార్కీలో కన్నుమూశారు. అదీ సముద్రపు ఒడ్డే.

మన దేశానికి స్టెయిన్‌లెస్ స్టీలు ఆయన తరం తర్వాతే విరివిగా వచ్చింది. ఇత్తడి, రాగి, కంచు గిన్నెలకు చింతపండు పెట్టి తోమే, కళాయి పూయించే శ్రమ నుంచి ఆడవాళ్లకు అది కొంత విడుదలనిచ్చింది. తెలుగిళ్లలో స్టీలు అంటేనే తుప్పుపట్టనిదని అర్థం స్థిరపడిపోయింది. పాత చీరలు, ప్యాంట్లు మూటగట్టి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకునే బేరం వీధి వీధినా నడిచింది. పెళ్లిలో పెట్టిన బిందె మీద పేరు, తేదీ చెక్కించారు, ఎందుకంటే అది మనవరాలి దాకా ఉంటుందని నమ్మకం. 1981లో తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం స్టెయిన్‌లెస్ రేకులు చుట్టడం మొదలుపెట్టింది. ఆ దశాబ్దం ముగిసే లోపే పుదుచ్చేరికి వాషింగ్ మెషిన్ల ఫ్యాక్టరీ వచ్చింది.

మనవరాలి దాకా అన్న ఆ నమ్మకం బిందె విషయంలో నిలిచింది. వాషింగ్ మెషిన్ విషయంలో నిలవడం లేదు. తుక్కు దుకాణానికి చేరిన మెషిన్లను విప్పితే పెట్టె తుప్పుతో, చట్రం విరిగి, బోర్డు కాలి కనిపిస్తాయి. డ్రమ్ము మాత్రం చాలాసార్లు మెరుస్తూనే ఉంటుంది. తుక్కువాళ్లు దాన్ని విడిగా తీసి స్టీలు ధరకు అమ్ముతారు. అది మళ్లీ కరిగి ఇంకేదో వస్తువవుతుంది. ఆ డ్రమ్ము ఆయుష్షుకు సరిపడేలా మిగతా యంత్రాన్ని చేయడం, విరిగిన భాగాన్ని మార్చుకునే వీలుండేలా కట్టడం ఇప్పటి తయారీదారుల పని. ఎక్కువ కాలం మన్నే లోహాన్ని బ్రియర్లీ వందేళ్ల కిందటే వాళ్ల చేతిలో పెట్టి వెళ్లారు.